రెండు సంస్కృతుల మధ్య ముఖాలు: లాటినెక్స్ పోర్ట్రెయిట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఏదో ఒక సెలవు రోజున పిల్లల్ని తీసుకుని మ్యూజియంకి వెళ్తారు. అక్కడ ఒక గదిలో అచ్చం పక్కింటివాళ్ళలా ఉండే మనుషుల పెద్ద పెద్ద బొమ్మలు, అంటే లాటినెక్స్ కళాకారుల పోర్ట్రెయిట్లు, కనిపిస్తాయి. పక్కన అతికించిన చీటీ చదువుతారు, సగం అర్థమవుతుంది, సగం కాదు. అలాంటప్పుడు వచ్చే ప్రశ్నలే ఇవి. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా ఉన్నాయి, వాటిని దాచలేదు.

లాటినెక్స్ అంటే ఎవరు?

లాటిన్ అమెరికా మూలాలున్న అమెరికా వాసులు. మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఎల్ సాల్వడార్, కొలంబియా, ఇలా చాలా చోట్ల నుంచి వచ్చిన కుటుంబాలు. 2020 జనాభా లెక్కల్లో వీళ్ళు 6.21 కోట్ల మంది, అంటే దేశ జనాభాలో 18.7 శాతం. స్పానిష్‌లో మగవాళ్ళని లాటినో, ఆడవాళ్ళని లాటినా అంటారు. ఆ తేడా పెట్టకుండా అందరినీ కలిపి చెప్పడానికి వచ్చిన మాట లాటినెక్స్. ఇది యూనివర్సిటీల్లో, మ్యూజియాల్లో వినిపించినంతగా ఇళ్ళల్లో వినిపించదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన సర్వేలో తమ గురించి చెప్పుకోడానికి ఈ మాట వాడేవాళ్ళు 4 శాతమే. ఎదుటివాళ్ళు తమని ఏమని చెప్పుకుంటే మనమూ అదే అనడం మర్యాద.

కింద చికానో, చికానా అనే మాటలు కూడా వస్తాయి. 1960ల హక్కుల ఉద్యమంలో మెక్సికన్ అమెరికన్లు తమకి తాము ఎంచుకున్న పేరు అది.

వీళ్ళంతా వలస వచ్చినవాళ్ళేనా?

కాదు. ఇది తెలియకపోతే బొమ్మల్లో సగం కోపం ఎక్కడి నుంచి వస్తోందో అంతుపట్టదు. 1848లో గ్వాడలూపే ఇడాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో పెద్ద భాగాన్ని అమెరికాకి వదులుకోవాల్సి వచ్చింది. ఇవాళ్టి కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా, న్యూ మెక్సికోలలో చాలా భాగం అందులోదే. అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్ళు ఇల్లు కదలకుండానే వేరే దేశంలోకి వచ్చిపడ్డారు. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అంటారు. ప్యూర్టో రికోది ఇంకో కథ. 1898లో స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వచ్చింది. 1917 నుంచి అక్కడివాళ్ళు అమెరికా పౌరులే. పాస్‌పోర్ట్ ఒకటే, అయినా న్యూయార్క్‌లో దిగగానే పరాయివాళ్ళు.

ఫ్రీదా కాలో కూడా ఈ కోవలోకే వస్తుందా?

ఖచ్చితంగా చెప్పాలంటే రాదు. ఆమె మెక్సికోలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం మెక్సికోలోనే బతికిన మెక్సికన్ చిత్రకారిణి. తండ్రి జర్మనీ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్. కానీ ఈ కళాకారుల్లో చాలామంది ఆమెని పెద్దదిక్కుగా చూస్తారు. అందుకు పెద్ద కారణం 1932లో వేసిన ఒక చిన్న బొమ్మ.

అప్పుడు ఆమె డెట్రాయిట్‌లో ఉంది. భర్త దియేగో రివేరా అక్కడి మ్యూజియం గోడల మీద ఫోర్డ్ ఫ్యాక్టరీ కార్మికుల బొమ్మలు వేస్తున్నాడు. ఆ జూలైలోనే ఆమెకి గర్భస్రావం అయింది. ఆ ఏడాదే మెక్సికో, అమెరికాల సరిహద్దు మీద నిలబడ్డట్టు తన బొమ్మ తాను వేసుకుంది. గులాబీ గౌను, చేతులకి లేసు తొడుగులు, ఒక చేతిలో సిగరెట్, ఇంకో చేతిలో మెక్సికో జెండా. ఎడమవైపు పాత గుడి, సూర్యుడు, చంద్రుడు, వేళ్ళతో సహా కనిపించే పూలమొక్కలు. కుడివైపు ఆకాశహర్మ్యాలు, ఫోర్డ్ అని రాసున్న పొగగొట్టాలు, ఆ పొగలో అమెరికా జెండా. కింద నేల దగ్గర చూడండి: అమెరికా వైపు యంత్రాల కరెంటు తీగల్లో ఒకటి మెక్సికో మొక్కల వేళ్ళలోకి పాకుతుంది, ఇంకొకటి ఆమె నిలబడ్డ దిమ్మెకి ప్లగ్గులా గుచ్చుకుని ఉంటుంది. పైన ఆకాశంలో రెండు దేశాలూ వేరువేరుగానే ఉన్నాయి, మట్టిలో మాత్రం కలిసిపోయాయి.

ఈ బొమ్మ రేకు మీద వేసింది. మెక్సికోలో మొక్కు తీరాక చర్చికి ఇచ్చే చిన్న పటాలు రేకు మీదే వేస్తారు. వాటిని గుర్తుచేసే పనే ఇది.

ఒక్క బొమ్మే చూసే టైమ్ ఉంటే ఏది చూడమంటారు?

యోలాండా లోపెజ్ 1978లో వేసిన "పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ది వర్జిన్ ఆఫ్ గ్వాడలూపే". కాగితం మీద ఆయిల్ పాస్టెల్ పని.

ముందు గ్వాడలూపే మాత గురించి కొంచెం. 1531 డిసెంబరులో మెక్సికో నగరం దగ్గర తెపెయాక్ కొండ మీద హువాన్ దియేగో అనే స్థానికుడికి మేరీ మాత కనిపించిందని విశ్వాసం. ఆమె చామనఛాయలో ఉంటుంది. నక్షత్రాల ముసుగు, చుట్టూ కిరణాలు, కాళ్ళ కింద నెలవంక, దాన్ని మోస్తూ ఒక దేవదూత. తల వంచి, చేతులు జోడించి, కదలకుండా నిలబడి ఉంటుంది. మన లారీల మీద అమ్మవారి బొమ్మ ఉన్నట్టు ఆమె బొమ్మ క్యాలెండర్ల మీద, కొవ్వొత్తుల మీద, కార్ల మీద, వీపుల మీద పచ్చబొట్లుగా ఎక్కడ చూసినా ఉంటుంది.

లోపెజ్ ఆ మాతని పరుగెత్తించింది. కాళ్ళకి రన్నింగ్ షూస్ ఉన్నాయి. గులాబీ గౌను తొడల దాకా ఎగిరింది. ఒక చేత్తో పాముని పట్టుకుంది, ఇంకో చేత్తో నక్షత్రాల ముసుగుని. కిరణాల్లోంచి బయటికి, సరిగ్గా మన మీదికి దూకుతోంది. ముఖం నిండా నవ్వు. కింద దేవదూత రెక్కలకి ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేసింది, అంటే అమెరికా జెండా రంగులు. ఆ దేవదూతని దాటుకుంటూ పోతోంది. అప్పుడు లోపెజ్ యూసీ శాన్ డియేగోలో మాస్టర్స్ చేస్తోంది.

ఇది మూడు బొమ్మల వరుసలో ఒకటి. రెండో దాంట్లో వాళ్ళమ్మ కళ్ళజోడు పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. కుడుతున్నది మాత ముసుగే. బతుకుతెరువు కోసం బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. మూడో దాంట్లో అమ్మమ్మ. అదే ముసుగు పరిచిన ఆసనం మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఒలిచిన పాము చర్మం. నాకు మూడింటిలో అమ్మమ్మ బొమ్మే ఎక్కువ ఇష్టం. ఆవిడ ముఖంలో ప్రార్థనా లేదు, పోరాటమూ లేదు. పని పూర్తి చేసి కూర్చున్న పెద్దావిడ, అంతే.

లోపెజ్ 2021 సెప్టెంబరులో చనిపోయింది. పుట్టిన ఊరు శాన్ డియేగోలో, ఒక మ్యూజియం ఆమె పనులతోనే పెట్టిన మొట్టమొదటి ప్రదర్శన ఆ తర్వాతి నెలలో మొదలైంది. చనిపోయేనాటికి ఆమెకి 78 ఏళ్ళు నిండాయి. మ్యూజియాలు ఎంత ఆలస్యంగా కళ్ళు తెరిచాయో చెప్పడానికి ఇది చాలు.

దేవతని అలా చూపించడం భక్తులకి కోపం తెప్పించలేదా?

తెప్పించింది. గ్వాడలూపే మాతకి హైహీల్స్ వేసి, గౌను మోకాళ్ళ దాకా చేసి నడిపించిన యోలాండా లోపెజ్ ఇంకో బొమ్మని 1984లో మెక్సికోలో ఒక స్త్రీవాద పత్రిక ముఖచిత్రంగా వేస్తే బెదిరింపులు వచ్చాయి. 2001లో అల్మా లోపెజ్ అనే ఇంకో చికానా కళాకారిణి అదే మాతని చూపిస్తూ, ఫోటోలు అతికించి చేసిన కొలాజ్ మీద న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో పెద్ద గొడవే జరిగింది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కాబట్టి చాలామంది కలగాపులగం చేస్తారు.

నా మటుకు నాకు యోలాండా బొమ్మల్లో వెక్కిరింత కనిపించదు. మాతకి కూడా కాళ్ళున్నాయనీ, అమ్మకీ అమ్మమ్మకీ కూడా ఆ కిరణాలు దక్కాలనీ చెప్పినట్టే అనిపిస్తుంది. భక్తితో చూసేవాళ్ళకి వేరేలా అనిపిస్తే అదీ అర్థం చేసుకోదగ్గదే.

అసలు పోర్ట్రెయిటే ఎందుకు? ఫోటోలు ఉన్నాయిగా?

ఎందుకంటే పోర్ట్రెయిట్ చాలాకాలం వీళ్ళకి వ్యతిరేకంగానే పనిచేసింది. 18వ శతాబ్దపు మెక్సికోలో కాస్తా పెయింటింగ్‌లని ఒక రకం ఉండేవి. సాధారణంగా 16 బొమ్మల సెట్టు. ప్రతి బొమ్మలో అమ్మ, నాన్న, బిడ్డ. స్పానిష్ మగవాడికీ స్థానిక స్త్రీకీ పుట్టినవాళ్ళు ఫలానా, వాళ్ళకీ వీళ్ళకీ పుట్టినవాళ్ళు ఫలానా అని కింద పేరు రాసేవారు. మిగెల్ కబ్రేరా 1763లో వేసిన సెట్టు చాలా ప్రసిద్ధి. బట్టల మీద నేత కూడా కనిపించేంత అందంగా ఉంటాయి. కానీ ఆ బొమ్మల్లో ఉన్నది మనుషులు కాదు, రకాలు. పుట్టుకని బట్టి మనిషిని గడిలో పెట్టడం అంటే ఏమిటో మనకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ గోడల మీద వీళ్ళ ముఖాలే లేవు. చికానోలు జానపద కళ చేస్తారు, లేదంటే గ్యాంగుల్లో తిరుగుతారు అని లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఒక క్యురేటర్ అన్నాడట. దానికి జవాబుగా 1972లో ఆస్కో అనే బృందంవాళ్ళు ఆ మ్యూజియం గోడ మీదే స్ప్రే పెయింట్‌తో తమ సంతకాలు పెట్టి వచ్చారు. మొత్తం మ్యూజియం మా కళాఖండమే అన్నట్టు. రెండేళ్ళకి, 1974లో, అదే మ్యూజియం లోస్ ఫోర్ అనే నలుగురు చికానో కళాకారుల ప్రదర్శన పెట్టాల్సి వచ్చింది.

టెక్సస్ సరిహద్దు ఊరు లరేడోలో పుట్టిన సీజర్ మార్టినెజ్ ఇంకో దారి పట్టాడు. తన కుర్రతనంలో వీధుల్లో చూసిన స్టైలిష్ కుర్రాళ్ళని, అంటే బాతోలని, జ్ఞాపకంలోంచి, పాత స్కూల్ ఇయర్‌బుక్ ఫోటోల్లోంచి తీసి పెద్ద కాన్వాసుల మీద వేశాడు. వెనక ఇల్లు లేదు, వీధి లేదు, ఒకే రంగు. ముందు ఒక మనిషి. "ఆడవాళ్ళంటే ఇష్టపడే మగాడు" అనే బొమ్మలో అతని ఒంటి నిండా పచ్చబొట్లే, ఛాతీ మధ్యలో గ్వాడలూపే మాత, చేతుల మీద వేరే ఆడవాళ్ళు. పోలీసులకి ఇతను అనుమానితుడు, టీచర్లకి పోకిరి. బొమ్మ ముందు నిలబడితే మాత్రం కాస్త సిగ్గరిలా కనిపిస్తాడు.

కొన్ని బొమ్మల్లో ముఖమే లేదు. అవి పోర్ట్రెయిట్లెలా అవుతాయి?

మంచి ప్రశ్న. తిహువానాలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో బాయిల్ హైట్స్ వైపు పెరిగిన సాలొమోన్ వెర్టా మనుషుల తలల్ని వెనకనుంచి వేశాడు. నున్నగా గొరిగిన తల, మెడ మీద మడత, చెవులు, వెనక మెరిసే ఒకే రంగు. అంతకుమించి ఏమీ లేదు. చూసేవాళ్ళు తమకి తెలియకుండానే అతనెవరో, ఏం చేస్తాడో ఊహించేస్తారు. గ్యాంగ్‌వాడా? సైనికుడా? కీమోథెరపీ అయినవాడా? బొమ్మ ఏమీ చెప్పదు, మన ఊహే మనల్ని పట్టిస్తుంది.

జే లిన్ గోమెజ్ పద్ధతి వేరు. 1986లో కాలిఫోర్నియాలో మెక్సికన్ తల్లిదండ్రులకి పుట్టింది. తొలి రోజుల పనులు రమీరో గోమెజ్ పేరుతో ఉంటాయి. హాలీవుడ్ హిల్స్‌లో ఒక సంపన్నుల ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని చేస్తున్నప్పుడు, ఆ ఇంట్లో పడుండే ఖరీదైన ఇళ్ళ మ్యాగజైన్ల పేజీల మీదే పెయింట్ వేయడం మొదలుపెట్టింది. తళతళలాడే వంటింటి ఫోటోలో కౌంటర్ తుడుస్తున్న పనామె, స్నానాల గదిలో బకెట్‌తో ఇంకొకామె. వాళ్ళ ముఖాల్లో కళ్ళూ ముక్కూ ఉండవు. ఆ ఇళ్ళల్లో వాళ్ళ ముఖాలు ఎవరికీ గుర్తుండవు కాబట్టి. డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ఈత కొలను బొమ్మ చాలా ప్రసిద్ధి: ఎవరో దూకారు, నీళ్ళు చిమ్మాయి, మనిషి కనిపించడు. గోమెజ్ 2013లో అదే ఇంటిని, అదే కొలనుని వేసి నీళ్ళు చిమ్మడం తీసేసింది. బదులుగా కొలను శుభ్రం చేసే మనిషినీ, అద్దాలు తుడిచే మనిషినీ పెట్టింది. పేరు "నో స్ప్లాష్".

ఫిరెలే బాయెజ్ తల్లి డొమినికన్, తండ్రిది హైతీ మూలం. 2011 ప్రాంతంలో రోజుకొకటి చొప్పున తన తల ఆకారాన్ని నీడబొమ్మలా వేసుకుంది. ఆ రోజు జుట్టు ఎలా ఉంటే అలా, ఆ రోజు చర్మం ఏ ఛాయలో ఉంటే ఆ రంగు. వివరంగా వేసింది కళ్ళు మాత్రమే. దీని వెనక రెండు పాత అవమానాలున్నాయి. ఒకటి అమెరికాది: బ్రౌన్ పేపర్ సంచి కంటే తెల్లగా ఉంటేనే లోపలికి రానిచ్చేవారు. రెండోది డొమినికన్లది: ఫ్యాన్ గాలికి జుట్టు ఎగిరితేనే పాస్. మాట్రిమోనీ ప్రకటనల్లో "ఫెయిర్" అని చదివి పెరిగిన మనకి ఈ బొమ్మలు పరాయివేమీ కావు.

అట్టపెట్టెల మీద, చెక్క మీద వేయడం ఏమిటి? కాన్వాస్ దొరకదా?

దొరుకుతుంది. దేని మీద వేశారన్నది కూడా వీళ్ళ కథలో భాగమే. నార్సీసో మార్టినెజ్ 1977లో మెక్సికోలోని ఓహాకాలో పుట్టి, ఇరవై ఏళ్ళ వయసులో అమెరికా వచ్చాడు. ఆర్ట్ చదువుకి డబ్బుల కోసం వాషింగ్టన్ రాష్ట్రంలోని తోటల్లో పనిచేశాడు. పండ్లు, కూరగాయలు వచ్చే అట్టపెట్టెల్ని సూపర్‌మార్కెట్ల దగ్గర పోగుచేసి, విప్పి, వాటి మీద బొగ్గుతో, ఇంకుతో తోట కూలీల బొమ్మలు వేస్తాడు. పెట్టె మీద ముద్రించిన కంపెనీ లోగో, మెరిసే యాపిల్ అలాగే ఉంటాయి. వాటి పక్కనే ఎండకి ముఖం చుట్టూ గుడ్డ కట్టుకున్న మనిషి. ఆ పెట్టె నింపింది తనే.

షీజు సాల్దమాండో 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది. తల్లి జపనీస్ అమెరికన్, తండ్రి మెక్సికన్ అమెరికన్. లాస్ ఏంజెలెస్‌లో తన స్నేహితుల్ని, పార్టీల్లో, సంగీత కార్యక్రమాల దగ్గర వాళ్ళు ఎలా ఉంటారో అలాగే వేస్తుంది. మనిషి ఒక్కడికే రంగులు, వెనక చెక్క గీతలు అలాగే వదిలేస్తుంది. అక్కడక్కడ బంగారు రేకు, జపనీస్ కాగితం. దుప్పట్ల మీద బాల్‌పెన్‌తో కూడా ముఖాలు వేసింది. అమెరికా నైరుతి జైళ్ళలో చికానో ఖైదీలు చేతిరుమాళ్ళ మీద పెన్నుతో బొమ్మలేసి ఇంటికి పంపే అలవాటు ఒకటుంది, దానికి ఇది బంధువు. పచ్చబొట్లు వేయడం కూడా ఆమె వృత్తుల్లో ఒకటి. ముఖాల్లో ఆ గీత నిక్కచ్చితనం కనిపిస్తుంది.

ఎల్ పాసోలో గాస్పర్ ఎన్రీకెజ్ ఎయిర్‌బ్రష్ వాడాడు. కార్ల మీద, టీషర్టుల మీద బొమ్మలేసే పనిముట్టు అది. సరిహద్దుకి ఆనుకుని ఉన్న హైస్కూల్లో ఏళ్ళ తరబడి టీచర్‌గా చేసి, తన విద్యార్థుల్నే పెద్దపెద్ద బొమ్మలుగా వేశాడు.

వలస పత్రాలు లేనివాళ్ళ ముఖాలు గోడకెక్కిస్తే వాళ్ళకి ప్రమాదం కాదా?

ఈ టెన్షన్ నిజమైనదే. అలీసా నీసెన్‌బామ్ పని చూస్తే కొంత అర్థమవుతుంది. ఆమె 1977లో మెక్సికో సిటీలో పుట్టింది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, కరోనా అనే పేటలో (జబ్బుకీ దీనికీ సంబంధం లేదు) వలస కుటుంబాల కోసం నడిచిన ఒక కళా కేంద్రంలో ఇంగ్లిష్ క్లాసు చెప్పేది. స్త్రీవాద కళాచరిత్ర ద్వారా ఇంగ్లిష్! ఆ క్లాసుకి వచ్చినవాళ్ళే ఆమె ముందు కూర్చున్నారు. ఫోటో తీసుకుని వెళ్ళిపోవడం కాదు, గంటల తరబడి ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడుతూ వేసే పద్ధతి ఆమెది. బొమ్మల పేర్లలో చాలావాటికి ఇంటిపేర్లు ఉండవు. ఎవరు ఏ హోదాలో ఉన్నారో బొమ్మ చెప్పదు. సోఫా, ఆదివారం న్యూయార్క్ టైమ్స్, వెనక మెక్సికోలో తలవేరా అనే రంగు పింగాణీ పలకల డిజైను. అంతే ఉంటుంది ఒక బొమ్మలో. ఆదివారం పొద్దున పేపర్ చదువుకునే తీరిక వాళ్ళకీ ఉందని చూపించడమే అక్కడ పెద్ద విషయం.

బయటివాళ్ళు వీళ్ళని గీయొచ్చా?

గీశారు, కొందరు చాలా బాగా గీశారు. ఆలిస్ నీల్ లాటినా కాదు. 1938లో న్యూయార్క్‌లోని స్పానిష్ హార్లెమ్‌కి మారి, రెండు దశాబ్దాలకి పైగా అక్కడే ఉండి ఇరుగుపొరుగుల్ని గీసింది. 1940లో వేసిన "టి.బి. హార్లెమ్" ఇప్పుడు వాషింగ్టన్‌లో మహిళా కళాకారుల జాతీయ మ్యూజియంలో ఉంది. అందులో మంచం మీద ఉన్న ప్యూర్టో రికన్ యువకుడు ఆమె సహచరుడి సోదరుడు. క్షయకి ఆపరేషన్ చేసి పక్కటెముకలు తీసేశారు. ఛాతీ మీద చిన్న కట్టు, దాని దగ్గర పొడవాటి చెయ్యి. శిలువ దించాక ఏసు శరీరాన్ని ఎలా వేస్తారో అలా ఉంటుంది. జాలి అడగని చూపు అతనిది.

లాస్ ఏంజెలెస్‌లో జాన్ సొన్సీనీ రోజుకూలీల్ని అడ్డా దగ్గర కలిసి, కూర్చున్నంతసేపటికీ కూలి కట్టిచ్చి బొమ్మలు వేస్తాడు. డబ్బు ఇవ్వడం వల్ల బంధం చెడిపోతుందని కొందరంటారు. రోజు కూలి పోగొట్టుకుని ఉచితంగా కూర్చోమనడం అంతకంటే అన్యాయమని నా అభిప్రాయం.

అంటే ఇదంతా మెక్సికన్ల వ్యవహారమేనా?

పైన ఎక్కువగా వాళ్ళే వచ్చారు, సంఖ్యలోనూ వాళ్ళే ఎక్కువ. కానీ జాన్ మిషెల్ బాస్కియాని తీసుకోండి. 1960లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది హైతీ, తల్లిది ప్యూర్టో రికో కుటుంబం. స్పానిష్ ధారాళంగా మాట్లాడేవాడు. చిన్నప్పుడు మ్యూజియాలకి తీసుకెళ్ళింది తల్లే. అతన్ని నల్లజాతి కళాకారుడిగా అందరూ గుర్తుపెట్టుకున్నారు, ప్యూర్టో రికన్ సగాన్ని మాత్రం చాలామంది మర్చిపోయారు.

ముఖాన్ని సగానికి చీల్చి అటొక జెండా, ఇటొక జెండా పెట్టిన బొమ్మలు చాలా కనిపిస్తాయి. అవి మంచివేనా?

కాలేజీ ప్రదర్శనల్లో ప్రతి ఏడాదీ అలాంటివి ఉంటాయి. వేసినవాళ్ళ బాధ నిజమైనదే, బొమ్మ మాత్రం అర నిమిషంలో అయిపోతుంది. మనిషి మధ్యలో గీత గీసినట్టు బతకడు. అమ్మతో ఫోన్‌లో ఒక భాష, అదే ఫోన్‌లో స్నేహితులకి మెసేజ్ ఇంకో భాష, రెండూ ఒకే బొటనవేలితో. పైన చెప్పుకున్న మంచి బొమ్మల్లో రెండు సంస్కృతులు ముఖంలో ఉండవు. చెప్పుల్లో, సోఫా గుడ్డలో, అట్టపెట్టె లోగోలో, కుట్టుమిషను కింద నలిగే బట్టలో ఉంటాయి. ఫ్రీదా జెండాలు పెట్టింది కదా అంటారేమో. పెట్టింది, కానీ ఆ బొమ్మ ప్రాణం ఆ కరెంటు తీగలో ఉంది.

ఇదంతా రాజకీయమే కదా?

కొంతవరకు అవును. శాన్ ఆంటోనియోకి చెందిన విన్సెంట్ వాల్డెజ్ 2013లో వేసిన వరుస బొమ్మల్లో ఇప్పటి టీషర్టులు, బూట్లు వేసుకున్న కుర్రాళ్ళు తెల్లటి ఖాళీలో వేలాడుతుంటారు. తాడు లేదు, చెట్టు లేదు. 1848 నుంచి 1928 వరకు అమెరికాలో మూకలు వందల మంది మెక్సికన్ మూలాలవాళ్ళని చంపేశాయి, పాఠ్యపుస్తకాల్లో అది దాదాపు కనిపించదు. ఆ చరిత్రకి ఇప్పటి బట్టలు తొడిగాడు. దాన్ని రాజకీయం కాదనలేం. అలాగని సాల్దమాండో గీసిన స్నేహితురాలు కేవలం పార్టీలో కూర్చుంది. ఆమెని నినాదంగా చదవాలని పట్టుపట్టకండి.

స్పానిష్ రాని లాటినెక్స్ కళాకారులు కూడా ఉంటారా?

చాలామంది. వీళ్ళని వెటకారంగా "నో సాబో కిడ్స్" అంటారు, "నాకు తెలియదు" అనడానికి స్పానిష్‌లో తప్పుగా వాడే మాట "నో సాబో". ప్యూ సంస్థ 2023లో ప్రచురించిన సర్వేలో స్పానిష్ సరిగ్గా రాని లాటినోల్లో సగానికి పైగా, సొంతవాళ్ళే తమని ఆ విషయంలో చిన్నబుచ్చారని చెప్పారు. "అర్థమవుతుంది ఆంటీ, మాట్లాడలేను" అని డాలస్‌లోనో ఎడిసన్‌లోనో మన పిల్లలు చెప్పే మాటే ఇది.

మా అమ్మాయి అమెరికాలో పుట్టింది. స్కూల్లో ఐడెంటిటీ మీద పోర్ట్రెయిట్ చేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

హైస్కూల్లో ఏపీ డ్రాయింగ్ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఇది ఎక్కువగా అడుగుతారు. ఈ ఏపీ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, మన ఏపీ కాదు. అందులో ఒకే ఆలోచనని సాగదీస్తూ 15 చిత్రాలు ఇవ్వాలి, కాబట్టి మొదటి బొమ్మకే బొట్టూ జీన్సూ అయిపోతే మిగతా పద్నాలుగూ కష్టం.

అమ్మమ్మనో నానమ్మనో గంటసేపు కూర్చోమనండి. ఏ చీర కట్టుకుంటారో, ఎక్కడ కూర్చుంటారో ఆవిడనే నిర్ణయించుకోనివ్వండి. పిల్ల అనుకున్నది పట్టుచీర అయితే, ఆవిడ చలికి నైటీ మీద మనవడి కాలేజీ హుడీ వేసుకుని కూర్చోవచ్చు. వదలొద్దు, అదే వేయమనండి. దేని మీద వేయాలో కూడా ఆలోచించమనండి: ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సోనామసూరి బియ్యం సంచి పనికొస్తుంది. నార్సీసో మార్టినెజ్ పని చూసి నేర్చుకున్నానని ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్‌లో రాయడం మాత్రం మర్చిపోకూడదు. ఆలోచన తీసుకుని పేరు చెప్పకపోవడం బాగుండదు.

ఎక్కడ చూడొచ్చు?

కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో "ది చీచ్" ఉంది. హాస్యనటుడు చీచ్ మరీన్ సేకరించిన చికానో కళ ఆధారంగా 2022 జూన్‌లో పాత నగర గ్రంథాలయ భవనంలో తెరిచారు. షికాగోలో పిల్సెన్ పేటలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్‌కి టికెట్ అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఎల్ మ్యూసేయో డెల్ బారియో 1969లో ప్యూర్టో రికన్ తల్లిదండ్రులు, టీచర్లు, కళాకారుల పట్టుదలతో పుట్టింది. వాషింగ్టన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం ఒకే భవనంలో ఉంటాయి, రెండూ ఉచితం.

పోర్ట్రెయిట్ గ్యాలరీవాళ్ళు పెట్టే ఔట్‌విన్ పోటీలో 2019లో మొదటి బహుమతి తిహువానాలో పుట్టిన ఊగో క్రాస్త్‌వెయిట్‌కి వచ్చింది. మెక్సికో నుంచి అమెరికా వచ్చిన ఒక యువతి కథని బొమ్మ గీస్తూ, చెరుపుతూ, ఒక్కో ఫ్రేము ఫోటో తీసి యానిమేషన్‌గా చేశాడు. పోర్ట్రెయిట్ కదలకూడదని ఎవరన్నారు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు ఈ మ్యూజియాల వెబ్‌సైట్లలో కళాకారుల పేర్లతో వెతికితే చాలా బొమ్మలు పెద్ద సైజులోనే దొరుకుతాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చూడండి.

ఇలాంటివి కొనుక్కోవచ్చా?

ఒరిజినల్ పెయింటింగ్‌లు మామూలు ఉద్యోగులకి అందవు. ప్రింట్లు అందుతాయి. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో 1970ల మొదట్లో సిస్టర్ కారెన్ బొక్కలేరో అనే సన్యాసిని, కొందరు కళాకారులు కలిసి మొదలుపెట్టిన సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్‌లో తరాల తరబడి చికానో కళాకారులు స్క్రీన్ ప్రింట్లు తీశారు. కొనేముందు కింద పెన్సిల్‌తో సంతకం, ఎన్నింటిలో ఎన్నో ప్రతి అన్న నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ప్రింటుకి తగలకుండా మధ్యలో మౌంట్ పెట్టమనండి, ఎండ నేరుగా పడే గోడకి తగిలించకండి. స్క్రీన్ ప్రింట్‌లో ముందుగా వెలిసిపోయేవి తరచుగా ఎరుపు, గులాబీ రంగులే.